జాగ్రఫీ చదివితే జీతమెంత?

పొలం హద్దు తేల్చాలంటే ఒకప్పుడు సర్వేయరు గొలుసు పట్టుకుని, ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) నకలు చంకన పెట్టుకుని గట్ల వెంట నడిచేవాడు. హద్దురాళ్లు కదిలిపోయిన చోట తగాదాలే మిగిలేవి. 2020 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే మొదలయ్యాక ఆ పని తీరే మారింది. పైన డ్రోన్ ఫొటోలు తీస్తుంటే కింద సర్వేయరు రోవర్ పట్టుకుని నిలబడతాడు. కార్స్ అనే స్థిర రిఫరెన్స్ కేంద్రాల నుంచి వచ్చే సంకేతాల సాయంతో ఆ నిలబడిన చోటు కొద్ది సెంటీమీటర్ల తేడాతో తెలిసిపోతుంది. పాత సర్వే నంబర్ల స్థానంలో ఒక్కో కమతానికి ల్యాండ్ పార్సెల్ మ్యాప్, అంటే ఎల్‌పీఎం నంబరు వస్తుంది. ఇద్దరు ముగ్గురి భూమి ఒకే నంబరు కింద పడితే అది జాయింట్ ఎల్‌పీఎం. దాన్ని విడదీయించుకోవడానికి రైతులు తహసీల్దారు కార్యాలయాల చుట్టూ తిరుగుతున్న సంగతి ఊళ్లలో అందరికీ తెలిసిందే.

ఊరూరా ఇంత మ్యాపుల పని నడుస్తున్న ఈ రోజుల్లో కూడా పల్నాడు జిల్లా నరసరావుపేటలోనో గురజాలలోనో ఇంటర్ పాసైన పిల్ల జాగ్రఫీ తీసుకుంటానంటే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న పాతదే. ‘అది చదివి ఏం చేస్తావమ్మా, టీచరు ఉద్యోగం తప్ప ఏముంది?’

ఆ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. మిర్చి ధర పడిపోయిన ఏడాది కూడా ఫీజు కట్టే తండ్రికి అడిగే హక్కు ఉంది. సమాధానం సూటిగా చెప్పాలంటే, ఒట్టి జాగ్రఫీ డిగ్రీకి మార్కెట్‌లో ధర తక్కువ. దానికి జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థ), రిమోట్ సెన్సింగ్ తోడైతే లెక్క వేరు. ఒట్టి డిగ్రీ చాలదనడానికి రీసర్వే ఉద్యోగాలే సాక్ష్యం. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు వేలాది గ్రామ సర్వేయర్లను తీసుకున్నారు. ఆ నోటిఫికేషన్‌లో అడిగినవి సివిల్, డ్రాఫ్ట్స్‌మన్, భూసర్వే వంటి సాంకేతిక అర్హతలు. భూమి గురించి మూడేళ్లు చదివినా చేతిలో ఆ సర్టిఫికెట్ లేనివాళ్లు దరఖాస్తు కూడా చేయలేకపోయారు. అందుకే డిగ్రీలో చేరేముందే, ఏ కొలువు కావాలో దాని పాత నోటిఫికేషన్ తీసి అర్హతల పేజీ చదవాలి.

జీఐఎస్ అంటే ఏమిటో చూడటానికి పల్నాడు కంటే మంచి చోటు దొరకదు. యూరప్‌కు చెందిన సెంటినల్-2 ఉపగ్రహాలు దాదాపు ఐదు రోజులకోసారి ఇదే నేలను ఫొటో తీస్తాయి. అందులో ఒక్కో చుక్క నేల మీద పది మీటర్ల ముక్క. ఆ చిత్రాలు ఎవరికైనా ఉచితం. వాటిని క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, కంటికి కనిపించని నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతికి ఎరుపు రంగు కేటాయిస్తే పచ్చని పైరు ఎర్రగా మారుతుంది. జనవరి చిత్రంలో నాగార్జున సాగర్ కుడి కాలువ కింద పైరున్న పొలాలు ఎర్రగా, జలాశయం నల్లగా, పిడుగురాళ్ల, దాచేపల్లి వైపు సున్నపురాయి గనులు తెల్లగా కనిపిస్తాయి. మాచర్ల పక్కన నల్లమల అక్టోబరులో ముదురు ఎరుపు. ఏప్రిల్‌కు ఆకు రాలిపోయి అదే అడవి వెలిసిపోతుంది. ఇక నాలుగైదేళ్ల జనవరి చిత్రాలు వరసగా పెట్టి చూస్తే, ఏ ఏడాది కాలువ చివరి భూముల దాకా పైరు ఉందో, ఏ ఏడాది మధ్యలోనే ఆగిందో తెలుస్తుంది.

ఇది కంప్యూటర్ తెలిసిన ఎవరైనా చేసే పనేనని కొట్టేయడానికి లేదు. ఎరుపు కనిపించింది మిరపా, పత్తా, తుమ్మకంపా అన్నది సాఫ్ట్‌వేర్ దానంతటదే చెప్పదు. నల్లరేగడి ఎక్కడ ఆగుతుంది, సున్నపురాయి ఎక్కడ పైకి తేలుతుంది, 1967 ఆగస్టులో కాలువకు నీళ్లు వదిలాక ఏ ఊళ్ల పంటలు మారాయి అన్నవి తెలిసినవాడే ఆ చిత్రాన్ని చదవగలడు. జాగ్రఫీ విద్యార్థికి ఇంజినీరు మీద ఉండే పైచేయి అదే. పల్నాడు పిల్లలకు అది ఇంకాస్త ఎక్కువ.

అలాంటి చూపు అవసరమయ్యే పని ఈ జిల్లాలోనే మరొకటి ఉంది. వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు మెట్ట భూములకు నీళ్లిచ్చేందుకు తలపెట్టిన వరికపూడిశెల ఎత్తిపోతల పథకానికి 2023 నవంబరులో మాచర్లలో శంకుస్థాపన జరిగింది. పైపులు పులుల అభయారణ్యం మీదుగా వెళ్లాలి కనుక అటవీ, వన్యప్రాణి అనుమతులు తప్పనిసరి అయ్యాయి. నేల వాలు, అడవి హద్దు, ఆయకట్టు, ఊళ్లు... వీటన్నిటినీ ఒక్కో లేయరుగా ఒకే మ్యాపు మీద పేర్చగలిగినవాళ్లు లేకుండా ఇలాంటి పథకం కాగితం మీద కూడా కదలదు.

ఉద్యోగాలు ఎక్కువగా ఉన్నది హైదరాబాద్‌లో. ఇస్రోకు చెందిన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం బాలానగర్‌లో ఉంది. ఉపగ్రహాల సమాచారం అందుకునే దాని స్టేషన్ షాద్‌నగర్‌లో ఉంది. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. 1991లో బీవీఆర్ మోహన్ రెడ్డి మొదలుపెట్టిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్, నేటి సయెంట్, తొలినాళ్లలో నిలదొక్కుకున్నది మ్యాపుల డిజిటైజేషన్ మీదే. 2016లో యాపిల్ తన మ్యాప్స్ అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాద్‌లో పెడుతూ నాలుగు వేల దాకా ఉద్యోగాలు వస్తాయని ప్రకటించింది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం మ్యాపుల తయారీపై పాత అనుమతుల నిబంధనలను తొలగించడంతో భారతీయ సంస్థలకు దారి మరింత సులువైంది.

అయితే జీతం దగ్గర భ్రమలు వద్దు. ఈ కంపెనీల్లో రోడ్లు, ఇళ్లు గీసే తొలి స్థాయి కొలువు చాలాచోట్ల నెలకు ఇరవై వేల చుట్టుపక్కలే మొదలవుతుంది. హైదరాబాద్ అద్దెలు పోను చేతిలో మిగిలేది స్వల్పం. గీసే పని దగ్గరే ఆగిపోతే జీతమూ అక్కడే ఆగుతుంది. పైథాన్, డేటాబేస్, ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ నేర్చుకున్నవాళ్లే రెండు మూడేళ్లలో అనలిస్టులవుతారు.

ఇంట్లోవాళ్లు చెప్పే టీచరు ఉద్యోగం చిన్నదేమీ కాదు. 2022 వేతన సవరణ ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో స్కూల్ అసిస్టెంట్ మూల వేతనం 44,570 రూపాయలతో మొదలవుతుంది. డీఏ, ఇంటి అద్దె భత్యం దానికి అదనం. 2025 మెగా డీఎస్సీలో అన్ని కేటగిరీలూ కలిపి 16,347 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. కాకపోతే అలాంటి డీఎస్సీ ఏటా రాదు. సోషల్ స్టడీస్ మెథడాలజీతో బీఈడీ, టెట్ ఉండాలి. డిగ్రీలో జాగ్రఫీకి తోడుగా ఏ సబ్జెక్టు ఉండాలో ముందే చూసుకోవాలి.

పైచదువుకు వెళ్లేవారికి ఖర్చు తక్కువ, సాయం ఎక్కువ. ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో జాగ్రఫీ పీజీ ఉంది. యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ సాధిస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ వస్తుంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్రారంభ మూల వేతనం 57,700. గేట్‌లో 2022 నుంచి జియోమాటిక్స్ ఇంజినీరింగ్ పేపరు ఉంది. ఆర్ట్స్ డిగ్రీవాళ్లూ గేట్ రాయవచ్చు గానీ, ఎంటెక్ సీటుకు ఒక్కో సంస్థ అడిగే అర్హత ఒక్కోలా ఉంటుంది. డెహ్రాడూన్‌లోని భారతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ, అంటే ఐఐఆర్ఎస్‌లో ఎంటెక్ చేసినవారికి డిగ్రీ ఇచ్చేది విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయమే. ఈ సంగతి మన విద్యార్థుల్లో చాలామందికి తెలియదు.

సివిల్స్ ఆశ ఉన్నవారికి జాగ్రఫీ రెండు విధాల పనికొస్తుంది. ఆప్షనల్‌గా తీసుకుంటే మెయిన్స్‌లో మొత్తం 1,750 మార్కుల్లో 500 దానివే. జనరల్ స్టడీస్‌లోనూ అది ఉంటుంది. 2014 సివిల్స్‌లో మొదటి ర్యాంకు సాధించిన ఇరా సింఘాల్ ఆప్షనల్ జాగ్రఫీయే. అంతమాత్రాన సివిల్స్ కోసమే ఈ డిగ్రీలో చేరడం మంచి లెక్క కాదు. ఆ పరీక్షలో నెగ్గేవాళ్లు కొద్దిమంది, ఇంటికి తిరిగొచ్చేవాళ్లు వేలల్లో. వాళ్ల చేతిలో బతుకుదెరువుకు ఒక పని ఉండాలి.

ఆ పని నేర్చుకోవడానికి హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో వేలకు వేలు పోయాల్సిన అవసరం లేదు. ఐఐఆర్ఎస్ ఆన్‌లైన్ కోర్సులు ఉచితం, హాజరు సరిపోతే సర్టిఫికెట్ కూడా ఇస్తారు. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ఉపగ్రహ చిత్రాలు, మ్యాపులు ఇస్రో భువన్ పోర్టల్‌లోనూ ఉన్నాయి. డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నవారు ఈ సెలవుల్లోనే సొంత మండలాన్ని తీసుకుని, పదేళ్లలో చెరువులు, పంటలు, గనులు ఎలా మారాయో మ్యాపు గీయండి. దాన్ని పట్టుకుని పొలాల్లోకి వెళ్లి తప్పులు సరిచూసుకోండి. ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు మార్కుల జాబితాతో పాటు ఆ మ్యాపును కూడా బల్ల మీద పెట్టండి.