కీమోకు ముందే అడుగు తల్లీ

నయాపూల్, హైదరాబాద్

చి. స్వప్నకు,

రొమ్ము క్యాన్సరని తేలిందని మీ అమ్మ ఫోన్లో ఏడ్చింది. వచ్చే నెలలోనే కీమో అంటున్నారట. మందుల సంగతి డాక్టర్లు చూసుకుంటారు. ఒక్క ప్రశ్న మాత్రం నువ్వే అడగాలి: తర్వాత నాకు పిల్లలు పుడతారా, అండాలు ముందే దాచుకోవచ్చా?

ఉద్యోగమంతా పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రిలో చేసినదాన్ని. ఎక్కడో వైద్యం చేయించుకుని క్యాన్సర్ నయమయ్యాక, నెలసరి ఆగిపోయి, "అప్పుడే ఎవరైనా చెప్పుంటే" అని నా ముందు కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లను మర్చిపోలేను. సైక్లోఫాస్ఫమైడ్ లాంటి కీమో మందులు అండాలను చంపేస్తాయి. ఆడపిల్లకు పుట్టుకతో వచ్చిన అండాలే, మళ్లీ కొత్తవి తయారుకావు.

భయపడకు. అండాలు దాచే పనికి నెలసరి కోసం ఆగక్కర్లేదు, ఏ రోజైనా మొదలుపెట్టొచ్చు. పది పన్నెండు రోజులు పొట్ట మీద చర్మం వేళ్లతో పట్టుకుని సన్న సూదితో హార్మోన్ ఇంజెక్షన్ ఇస్తారు. మధ్యలో స్కానింగులు. చివర్న మత్తిచ్చి అండాలు తీసి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో పెడతారు. మామూలుగా అదే రోజు ఇంటికొచ్చేయొచ్చు. నీ గడ్డ ఈస్ట్రోజన్‌తో పెరిగే రకమైతే లెట్రోజోల్ మాత్ర కూడా ఇస్తారు. కీమో సాగినన్నాళ్లు అండాశయాలకు రక్షణగా నెలకో గోసెరెలిన్ ఇంజెక్షన్ కూడా ఇవ్వొచ్చు, అయితే అండాలు దాచడానికి అది బదులు కాదు.

దాచిన ప్రతి అండం బిడ్డ కాదు. ఖర్చూ ఎక్కువే. గాంధీ ఆసుపత్రిలో 2023లో సర్కారు ఐవీఎఫ్ సెంటర్ తెరిచింది, అక్కడ నీకు వీలవుతుందేమో నేను కనుక్కుంటా. ఆగే టైము లేదని క్యాన్సర్ డాక్టర్ అంటే మాత్రం కీమోనే ముందు. మాకు నువ్వు కావాలి.

"పెళ్లికాని పిల్లకు ఇదంతా ఎందుకు, నలుగురికీ తెలిస్తే?" అని మీ అమ్మ దిగులు. 2021 నాటి సహాయక పునరుత్పత్తి (ఏఆర్‌టీ) చట్టం ప్రకారం 21 దాటిన ఏ ఆడపిల్లయినా దీనికి వెళ్లొచ్చు, పదేళ్ల దాకా దాచుకోవచ్చు. జబ్బు చేసిన పిల్ల తన రేపటి గురించి ఆలోచిస్తే తప్పేంటి? మీ అమ్మతో నేను మాట్లాడతాలే.

సోమవారం ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్తున్నావట కదా. బయాప్సీ రిపోర్టు, రక్తపరీక్షల కాగితాలు రెండేసి జిరాక్సులు తీయించు. నేను ఇక్కడ బస్సెక్కి వచ్చి గేటు దగ్గరుంటా. డాక్టర్ గదిలోకి నీతోపాటు వస్తా. నీకు నోరు రాకపోతే నేనే అడుగుతా.

మీ పెద్దమ్మ