తాయెత్తు తీసేయాలా?

పోయిన సెమిస్టర్‌లో పరీక్షల ముందు మా రూమ్మేట్‌కి ఒక కొత్త బాధ మొదలైంది. రాత్రిపూట ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, ఊపిరి ఆడనట్టు ఉండటం. డాక్టర్ చూసి గుండె బాగానే ఉందన్నారు. ఊరెళ్తే వాళ్ళ నాయనమ్మ "గాలి సోకిందిరా" అని మంత్రం వేయించి తాయెత్తు కట్టించింది. వారం రోజులు నిజంగానే హాయిగా నిద్రపోయాడు. తర్వాత మళ్ళీ మామూలే. కౌన్సెలర్ దగ్గరికి పోదాం రా అంటే వాడు అడిగిన మొదటి మాట: "తాయెత్తు తీసేయమంటారా?"

నవ్వొచ్చింది కానీ, ఇది చిన్న ప్రశ్నేం కాదు. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. తీవ్రమైన మానసిక జబ్బులతో తమిళనాడులోని ఒక గుడికి వచ్చి ఉన్న 31 మందిని పరిశీలించారు. అక్కడ మందులేమీ లేవు. ఇంటివాళ్ళు తోడుండగా కొన్ని వారాలు ప్రశాంతంగా గడిపారు, అంతే. జబ్బు లక్షణాలు దాదాపు 20 శాతం తగ్గాయి. పోల్చి చూడటానికి వేరే గ్రూపు లేదు కాబట్టి ఇది గుడి మహిమేనని తేల్చలేం. ఆ ఆదరణ మాత్రం కొట్టిపారేయలేనిది.

అదే రాష్ట్రంలో, అంతకు ముందు ఏడాది ఆగస్టు 6న, ఏర్వాడి దర్గా దగ్గర ఒక ప్రైవేటు ఆశ్రమంలో పాక అంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్ళు పారిపోలేక 28 మంది చనిపోయారు. రోగులను గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. నమ్మకం తోడుగా ఉండటం వేరు, వైద్యానికి అడ్డం పడటం వేరు.

ఇక థెరపీ ఏం చేస్తుంది? 1960ల్లో ఆరన్ బెక్ మొదలుపెట్టిన పద్ధతి మన బ్రాంచి వాళ్ళకి సులువుగానే ఎక్కుతుంది: ఇదొక పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ లూప్. గుండె కొంచెం వేగంగా కొట్టుకోగానే "చచ్చిపోతున్నా" అనుకుంటాం, ఆ భయానికి దడ ఇంకా పెరుగుతుంది. స్పీకర్ ముందు మైకు పెడితే కూత పెట్టినట్టు. అందుకే కౌన్సెలర్ మావాణ్ణి కావాలనే మెట్లు ఎక్కి దిగమన్నారు. దడ వచ్చింది, దానంతటదే పోయింది. ఏమీ కాలేదు.

తాయెత్తు సంగతి? "ఉంచుకో" అన్నారావిడ. "కానీ దడ తగ్గింది దాని వల్లేనని అనుకున్నంతకాలం, అది లేకపోతే ఏమవుతుందో నీకు తెలియదు. ఎప్పుడు తీసి చూడాలో నువ్వే చెప్పు."

మీలో ఎవరికైనా ఇలా ఉంటే టెలీ మానస్ నంబర్ 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మావాడు నాలుగు సెషన్లయ్యాక నాయనమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విని అడిగింది: "ఆ మేడం హస్తవాసి మంచిదేనట్రా?"