పోలీసు ఫైళ్లకు తాళం వేసిన వార్మ్

2017 మే 12న మొదలైన వానాక్రై అనే వార్మ్ దాడి ఆంధ్రప్రదేశ్ పోలీసులనూ వదల్లేదు. చిత్తూరు, కృష్ణా, గుంటూరు సహా పలు జిల్లాల్లో వారి కంప్యూటర్లు మొరాయించాయి. ఫైళ్లు విడిపించుకోవాలంటే బిట్‌కాయిన్లు కట్టమంది తెర. దొంగల్ని పట్టేవారికే బెదిరింపన్నమాట!

వైరస్‌ వ్యాపించాలంటే అది అంటుకున్న ఫైలును ఎవరో ఒకరు తెరవాలి. వార్మ్‌కు మరో ఫైలు ఆశ్రయం అక్కర్లేదు, తన నకళ్లను తానే పంపుకుంటుంది. రెండింటికీ తేడా ఇదే. 2000 మేలో ఐలవ్‌యూ అనే వార్మ్ ఈమెయిల్ అటాచ్‌మెంట్‌గా వచ్చి, తెరిచినవారి అవుట్‌లుక్ చిరునామాలన్నిటికీ వెళ్లింది. వానాక్రైకి ఆ క్లిక్ కూడా అవసరం లేకపోయింది. విండోస్‌లో ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎంబీ పద్ధతిలోని లోపాన్ని పట్టుకుని, 445వ పోర్టు గుండా యంత్రం నుంచి యంత్రానికి పాకింది.

విచిత్రమేమంటే, ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ప్యాచ్ విడుదల చేసింది.