రొయ్యల చెరువు దగ్గర కరెంటు: చేయవలసినవి - చేయకూడనివి

మధ్యాహ్నం టెస్టర్ పెట్టి చూస్తే ఏమీ చూపని స్టార్టర్ పెట్టె, తెల్లవారుజామున చెయ్యి వేయగానే కొడుతుంది. ఉప్పునీటి చెరువుల మీద పనిచేసేవాళ్లు ఇలాంటిది ఎరిగే ఉంటారు. ఆ కొన్ని గంటల్లో వైరింగ్‌ను ఎవరూ ముట్టుకోలేదు. తడిసింది పెట్టె మీది ఉప్పు.

ఉప్పులో సోడియం, క్లోరైడ్ అయాన్లను పట్టి ఉంచేది అయానిక బంధం. పొడి ఉప్పు పలుకులో ఏ అయానూ తన చోటు వదలదు కాబట్టి కరెంటు పారదు. ఏరేటర్ చక్రాలు చిమ్మిన తుంపర పెట్టె మీద, జాయింట్ల మీద ఎండి తెల్లటి పొర కడుతుంది. ఎండ కాస్తున్నంతసేపు దానివల్ల భయం లేదు. రాత్రి మంచుకు అది చెమ్మగిల్లితే అయాన్లు విడివడి కదలడం మొదలవుతుంది, ఫేజు నుంచి పెట్టె రేకు దాకా కరెంటుకు దారి దొరుకుతుంది. నీటి అణువులో ఉన్నవి సమయోజనీయ బంధాలు. అందుకే స్వచ్ఛమైన నీటిలో కరెంటు దాదాపు పారదు. సముద్రపు నీటిలో దానికి సుమారు పది లక్షల రెట్లు ఎక్కువగా పారుతుంది, అదంతా కరిగిన లవణాల వల్లే. చెరువులో ఆక్సిజన్ పడిపోయి ఏరేటర్లు తప్పక తిరగాల్సిందీ ఆ మంచు వేళలోనే.

చేయవలసినవి

తెల్లపొరను కనబడనివ్వకండి. మెయిన్ ఆఫ్ చేసి, మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో పెట్టె పైభాగం, కేబుల్ దూరే చోట్లు తుడవండి. పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వండి. పొడిగుడ్డతో దులిపితే సరిపోదు, సందుల్లో ఉప్పు మిగిలిపోతుంది.

ప్రతి ఏరేటర్‌కూ విడిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే బ్రేకరు) పెట్టించండి. మొత్తానికీ ఒక్కటే ఉంటే, ఒక మోటారు లీకైనా అన్నీ ఆగిపోతాయి. రొయ్య చచ్చిపోతుందన్న కంగారులో కాపలా మనిషి దాన్ని తప్పించి డైరెక్టు చేసేస్తాడు. ఆ కంగారు నిజమైనదే, మనిషిని తప్పుపట్టి లాభం లేదు. వైరింగే ఆ అవసరం రాకుండా ఉండాలి. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడండి.

మోటారు బాడీకీ, ఏరేటర్ ఫ్రేముకూ, పెట్టెకూ తెగని ఎర్త్ వైరు ఉండాలి. రాగిలోది లోహ బంధం. దానిలో ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరుగుతాయి కాబట్టి ఉప్పునీటికంటే కోటి రెట్లు మించి కరెంటును మోస్తుంది. జాయింటు దగ్గర పట్టిన చిలుముకు ఆ గుణం లేదు, అక్కడ వేడెక్కుతుంది. జాయింట్లు గీకి శుభ్రం చేసి, బిగించి, నీళ్లు తగలని ఎత్తులో స్తంభానికి కట్టండి.

చేయకూడనివి

ఏరేటర్ తిరుగుతుండగా చెరువులో దిగకండి. చక్రానికి నాచు చుట్టుకున్నా సరే, మెయిన్ ఆఫ్ చేసి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాకే దిగండి. గట్టు మీద ఎవరో చూడక స్విచ్ వేసే ప్రమాదం దానితో తప్పుతుంది.

సెలినిటీ తక్కువ, మంచినీళ్ల చెరువే కదా అన్న ధీమా అసలు వద్దు. ఈ సంగతి చాలామందికి తెలియదు. మన ఒంట్లోని రక్తం, ద్రవాలు ఉప్పువే. నీళ్లు చప్పగా ఉన్నప్పుడు చుట్టూ ఉన్న నీటికంటే మన శరీరమే కరెంటుకు సులువైన దారి అవుతుంది. ఉప్పు చెరువులో ప్రాణం తీసేది ఎక్కువగా లీకైన ఇనుప ఫ్రేమును పట్టుకోవడం. చప్ప చెరువులో ఏమీ పట్టుకోకుండా ఈదుతున్నా ముప్పే.

ఎర్త్ కోసం ఒక వైరు చెరువులోకి వదిలేయడం మానండి. ఆ దారికి 20 ఓములు అడ్డు ఉందనుకుంటే, 230 వోల్టులకు పారేది 11.5 ఆంపియర్లే. మోటారుకు వేసిన ఫ్యూజు దానికి పోకపోవచ్చు, లీకు నీళ్లలోకి అలాగే కొనసాగుతుంది.

పీవీసీ తొడుగు సమయోజనీయ పదార్థం. దానిలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు లేవు కాబట్టే మనల్ని కాపాడుతుంది. ఏళ్ల తరబడి ఎండకు పగిలిన కేబుల్‌కు టేపు చుట్టి నీళ్లలో వేయకండి, మార్చేయండి. చెమట చేతులతో, తడి కాళ్లతో స్టార్టర్ ముట్టుకోకండి. చెమటా ఉప్పునీరే.

షెడ్డులో బోర్డు అంటుకుంటే నీళ్లు చల్లకండి. మెయిన్ ఆఫ్ చేసి, కార్బన్ డయాక్సైడ్ లేదా పొడి రసాయనం ఉన్న సిలిండర్ వాడండి. పొడి ఇసుకైనా ఫరవాలేదు.

ఎవరికైనా షాక్ తగిలితే

కంగారుపడి మనిషిని పట్టుకోకండి, వెంట చెరువులోకి దూకకండి. ముందు మెయిన్ ఆఫ్ చేయాలి. కర్రతో తప్పిద్దామనుకున్నా, మంచుకు తడిసిన కర్రను నమ్మడానికి లేదు, దాని నారలో కరిగిన లవణాలుంటాయి. అందుకే మెయిన్ ఎక్కడుందో కొత్త కూలీకి కూడా మొదటి రోజే చూపించండి. బయటికి తీశాక ఊపిరి లేకపోతే ఒకరు 108కు ఫోన్ చేయాలి, మరొకరు ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి. లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా, పైకి గాయం కనబడకపోయినా, ఆస్పత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి.