పాట పని గుట్ట కిందే ముగించండి
కారు కంపెనీ సెట్టుకు ప్లేయరు కలిపేవారు చేయవలసినవి - చేయకూడనివి

కొత్త బండి కొంటే కొండగట్టు అంజన్న దగ్గర పూజ చేయించడం జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు చాలా కుటుంబాలకు ఆనవాయితీ. 2023 జనవరి 24న జనసేన అధినేత పవన్ కల్యాణ్ తన ప్రచార వాహనం ‘వారాహి’కి పూజ చేయించిందీ ఇక్కడే. పూజకు వచ్చే బండ్లలో సెకండ్‌హ్యాండ్ కార్లూ ఉంటాయి. వాటిలో కంపెనీ బిగించిన పాత సెట్టు రేడియో, సీడీ దగ్గరే ఆగిపోయి ఉంటుంది. మన పాటలేమో ఫోన్‌లోనో, పెన్‌డ్రైవ్‌లోనో, గల్ఫ్ నుంచి అన్న తెచ్చిన ఎంపీత్రీ ప్లేయర్‌లోనో ఉంటాయి.

ఈ రెండింటినీ కలపడం పెద్ద పనేం కాదు. అయితే ప్రమాదం రెండు వైపుల నుంచి వస్తుంది. ఒకటి వైరు, రెండోది డ్రైవరు చూపు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ రెండు సెకన్లు ప్లేయరు వైపు చూస్తే, ఆ లోపు కారు 22 మీటర్లు పోతుంది. కొండగట్టు గుట్ట ఎక్కే ఘాట్ రోడ్డు మలుపులో అంత దూరం రోడ్డు చూడకుండా నడిపితే ఏమైనా జరగొచ్చు. 2018 సెప్టెంబర్ 11న ఈ ఘాట్ దిగుతున్న కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఆ ప్రమాదానికీ పాటలకూ సంబంధం లేదు. కానీ ఈ దారి పొరపాటును క్షమించదని జగిత్యాల జిల్లాలో అందరికీ తెలిసింది ఆ రోజే. అందుకే మొదటి నియమం ఇది: పాటకు సంబంధించిన ప్రతి పనీ బండి ఆగి ఉండగానే, గుట్ట కిందే ముగియాలి.

కలిపేటప్పుడు

చేయవలసినవి

• ముందు సెట్టు ముందు భాగం చూడండి. ‘ఆక్స్’ అని రాసి ఉన్న గుండ్రటి రంధ్రం ఉంటే 3.5 మిల్లీమీటర్ల పిన్నులున్న కేబుల్ సరిపోతుంది. యూఎస్‌బీ ఉంటే పెన్‌డ్రైవ్ అన్నిటికన్నా సుఖం. వైరు వేలాడదు, ఛార్జింగ్ బెంగ ఉండదు.

• పెన్‌డ్రైవ్‌ను ‘ఫ్యాట్32’ పద్ధతిలో ఫార్మాట్ చేసి, పాటలను ఎంపీత్రీలో ఎక్కించండి. పాత సెట్లు చాలావరకు వేరే పద్ధతులను చదవలేవు. అప్పుడు డ్రైవరు దారి వదిలేసి బటన్లు నొక్కుతూ కూర్చుంటాడు.

• స్టీరియో పిన్ను మీద రెండు నల్ల గీతలుంటాయి. మైకు ఉన్న ఇయర్‌ఫోన్ పిన్నుకు మూడుంటాయి. ఆక్స్‌కు రెండు గీతలదే వాడండి. మూడు గీతలదైతే కొన్ని సెట్లలో గాయకుడి గొంతు మాయమై వాయిద్యాలే వినిపిస్తాయి.

• సెట్టు సౌండ్ పూర్తిగా తగ్గించి పిన్ను పెట్టండి. ప్లేయరు సౌండ్‌ను ముప్పాతిక వంతు దగ్గర ఉంచి, మిగతాది సెట్టు నాబ్‌తోనే సరిచేసుకోండి.

• ఛార్జింగ్ పెట్టగానే ‘కుయ్’మని సన్నటి మోత మొదలై, ఎంజిన్ రేజ్ చేసినకొద్దీ పెరుగుతుంటే ఛార్జర్ తీసి చూడండి. మోత ఆగితే ప్లేయరు బాగానే ఉన్నట్టు. ఛార్జరు, ఆక్స్ రెండు దారుల్లో ఎర్త్ కలవడం వల్ల వచ్చే చప్పుడది. ప్లేయరును ఇంట్లోనే ఛార్జ్ చేసుకుని బయల్దేరితే ఆ గొడవే ఉండదు.

చేయకూడనివి

• కారు బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగి ప్లేయరుకు ఇవ్వకండి. యూఎస్‌బీ ప్లేయర్లకు కావలసింది 5 వోల్టులు. ఎంజిన్ నడుస్తున్నప్పుడు కారు లైనులో 14 వోల్టుల దాకా ఉంటుంది. భక్తులను తెచ్చే పెద్ద బస్సులు, లారీల్లో 24 వోల్టులు. ఛార్జరు మీద ‘12-24’ అని లేకపోతే వాటిలో పెట్టవద్దు.

• స్పీకర్ వైర్లను తెచ్చి ఆక్స్‌కు గానీ ప్లేయరుకు గానీ కలపకండి. రెండూ కాలిపోయే ప్రమాదం ఉంది.

• ఫ్యూజు పోతే అంతకన్నా ఎక్కువ ఆంపియర్లది వేయకండి. సిగరెట్ ప్యాకెట్ రేకు, రాగి తీగ చుట్టి నడిపించడం అసలే వద్దు. ఫ్యూజు బదులు వైరు కాలుతుంది, మంట డ్యాష్‌బోర్డు లోపల మొదలవుతుంది.

డ్యాష్‌బోర్డు విప్పాల్సి వస్తే

ఆక్స్ లేని సెట్టుకు వెనుక నుంచి ఇవ్వాలంటే ఇది మెకానిక్ పని. ఆయన దగ్గర ఉండి ఈ నాలుగూ చూసుకోండి. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ముందు ఊడదీయాలి. తర్వాత కొన్ని నిమిషాలు ఆగాలి. పసుపు రంగు తొడుగున్న వైర్ల జోలికి పోకూడదు, అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి. కంపెనీ వైర్లు కోయకుండా, మీ మోడల్‌కు సరిపోయే కప్లర్ తెప్పించి బిగించమనాలి. కొన్ని సెట్లు బ్యాటరీ తీసి పెట్టాక కోడ్ అడుగుతాయి. ఆ నంబరు ఎక్కడ రాసి ఉందో విప్పకముందే వెతికి పెట్టుకోండి.

దారిలో, ఘాట్‌పై

చేయవలసినవి

• ప్లేయరును ముందు సీట్లో ఉన్నవారికి అప్పగించండి. ఒక్కరే వెళ్తుంటే పాటల వరుస పెట్టుకుని ఇక ముట్టుకోకండి.

• పొట్టి కేబుల్ వాడి, కన్సోల్ అంచు వెంట తీసుకెళ్లి క్లిప్పు పెట్టండి. గేరు రాడ్డు, హ్యాండ్‌బ్రేకు మీదుగా వైరు పోకూడదు.

• ఘాట్ మొదలవగానే పాట ఆపండి, లేదా మాట వినపడేంత తగ్గించండి. మలుపు అవతలి హారన్, వెనకాల 108 సైరన్, మన బ్రేకు చప్పుడు చెవికి అందాలి. దిగేటప్పుడు చిన్న గేరులో రండి, ఎక్కే బండికి దారి ఇవ్వండి.

చేయకూడనివి

• డ్యాష్‌బోర్డు మీద, ఒడిలో ప్లేయరు వదిలేయకండి. మలుపులో జారి బ్రేకు పెడల్ కిందికి పోతే పెడల్ పూర్తిగా దిగదు. ఎయిర్‌బ్యాగ్ మూత మీద స్టాండు అతికించకండి.

• నడుపుతూ ఫోన్ చేతిలోకి తీసుకుని పాట మార్చకండి. డ్రైవింగ్ చేస్తూ చేతిలో ఫోన్ వాడటాన్ని మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రమాదకరమైన డ్రైవింగ్‌గా చూస్తుంది.

• డ్రైవరు రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోవద్దు. సెట్టు పనిచేయకపోతే ఆ పూట పాట లేకుండానే వెళ్లండి.

పైన పార్కింగ్‌లో

పెద్ద హనుమాన్ జయంతి వైశాఖ బహుళ దశమి. అంటే సాధారణంగా ఎండలు మండే మే నెల. జగిత్యాల జిల్లాలో 45 డిగ్రీలు కొత్త కాదు. అద్దాలెక్కించిన కారులో వేడి బయటి కన్నా చాలా ఎక్కువ. లిథియం బ్యాటరీకి అది విషం. అద్దం దించితే కోతులు, ఎక్కిస్తే ఎండ! కాబట్టి ప్లేయరును జేబులో వేసుకుని దర్శనానికి వెళ్లండి.

కొన్ని కార్లలో తాళం తీసినా ఛార్జింగ్ సాకెట్‌కు కరెంటు వస్తూనే ఉంటుంది. ఛార్జర్ ఊడదీయండి. దర్శనానికి వెళ్లినవారి కోసం ఎదురుచూస్తూ ఎంజిన్ ఆపి గంటలకొద్దీ పాటలు పెట్టకండి. బ్యాటరీ దిగిపోతే ఆ రద్దీలో బండిని తోసేందుకు కూడా చోటుండదు.

ప్లేయరు వీపు ఉబ్బినట్టు కనిపిస్తే దానికి ఇక ఛార్జింగ్ పెట్టవద్దు. గుచ్చవద్దు, నొక్కవద్దు.

కాలిన వాసన వస్తే

బండిని పక్కకు తీసి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఎంజిన్ ఆపండి. పిల్లలను, పెద్దలను ముందు దింపండి. వాలు మీద ఉంటే టైరు కింద రాయి పెట్టండి. పొగ వచ్చే ప్లేయరును చేత్తో పట్టుకుని బయటకు విసరబోవద్దు, మీరే దూరం జరగండి. బానెట్ లోపల మంట ఉందనిపిస్తే బానెట్ తెరవకండి. గాలి తగిలితే మంట పెరుగుతుంది. 112కు గానీ 101కు గానీ ఫోన్ చేసి ఏ మలుపు దగ్గర ఉన్నారో చెప్పండి. కారులో వదిలేసిన సామాను కోసం ఎవరినీ వెనక్కి పోనివ్వకండి.