పీసీయా, కన్సోలా? ముందు లెక్క వేద్దాం

హాస్టల్లో ఏ ఫ్లోర్‌కి వెళ్లినా ఈ వాదన ఒకసారైనా వినిపిస్తుంది. "యాభై వేలకి పీఎస్5 వస్తుంటే లక్ష పెట్టి పీసీ ఎందుకురా?" అంటాడొకడు. "పీసీలో ప్రాజెక్టు కూడా చేసుకోవచ్చు, నీ డబ్బాలో ఏం చేస్తావ్?" అంటాడు ఇంకొకడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కానీ ఇద్దరూ పెట్టె ధర దగ్గరే ఆగిపోతున్నారు. మనలో చాలామందికి ఆ డబ్బు ఇంట్లోవాళ్లే ఇవ్వాలి. కాబట్టి నాన్నని అడిగే ముందు పూర్తి లెక్క మన చేతిలో ఉండాలని నా అభిప్రాయం. ఖర్చు, హార్డ్‌వేర్, మార్పుచేర్పులు, ఈ మూడింటినీ వరసగా చూద్దాం.

1. పెట్టె ఎందుకు చవక?

పీఎస్5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో వచ్చింది. అప్పుడు డిస్క్ మోడల్ ధర 49,990 రూపాయలు, డిస్క్ డ్రైవ్ లేని డిజిటల్ మోడల్ ధర 39,990 ఉండేవి. ఎనిమిది కోర్ల ప్రాసెసర్, ఆ స్థాయి గ్రాఫిక్స్, 825 జీబీ ఎస్‌ఎస్‌డీ విడివిడిగా కొందామంటే అప్పట్లో ఆ డబ్బుకి దొరికేవి కావు. మరి కంపెనీకి గిట్టుబాటు ఎలా? అసలు సంపాదన ఆటల అమ్మకంలో ఉంది. 2021లో అమెరికాలో ఎపిక్, యాపిల్ కంపెనీల కేసు నడిచినప్పుడు, ఎక్స్‌బాక్స్ పెట్టెల మీద తమకు లాభం రాదని మైక్రోసాఫ్ట్ ప్రతినిధి కోర్టులోనే చెప్పారు. స్టోర్‌లో అమ్ముడయ్యే ఆట మీద మాత్రం సాధారణంగా 30 శాతం వాటా వాళ్లకి వెళ్తుంది. పైగా డబ్బు పెట్టి కొన్న ఆటని ఆన్‌లైన్‌లో ఆడాలంటే పీఎస్ ప్లస్ లాంటి చందా కూడా కట్టాలి. పీసీలో అలాంటి చందా లేదు. స్టీమ్ కూడా 30 శాతమే తీసుకుంటుంది గానీ, పీసీలో దుకాణం ఒక్కటే కాదు. ఎపిక్ స్టోర్ 12 శాతానికే వచ్చింది. సేల్ పెట్టినప్పుడు పాత ఆటలు బాగా తగ్గుతాయి.

ఇప్పుడు చిన్న లెక్క. అంకెలు ఉదాహరణకే, మీవి మీరు వేసుకోండి. ఏడాదికి 5 ఆటలు, నాలుగేళ్ల బీటెక్‌లో 20. కన్సోల్‌లో ఒక్కోటి 4,000 అనుకుంటే 80,000. పీసీలో సేల్ కోసం ఆగి 1,500కి కొంటే 30,000. తేడా 50,000, అంటే ఇంకో పెట్టె ధర!

కానీ వాదన ఇక్కడితో అయిపోలేదు. డిస్క్‌ని ఆడేశాక అమ్ముకోవచ్చు. 4,000కి కొన్నది 2,500కి అమ్మితే ఖర్చు 1,500 మాత్రమే. అప్పుడు ఆటల ఖర్చు రెండు వైపులా సమానం. అదే డిజిటల్ మోడల్ కొంటే మొదట 10,000 మిగిలినట్టు కనిపిస్తుంది గానీ, నాలుగు డిస్కులు అమ్ముకునే అవకాశం పోతే ఆ మిగులు కూడా పోయినట్టే.

2. లోపల ఏముంది?

పీఎస్5లో ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్‌కీ కలిపి ఒకే 16 జీబీ జీడీడీఆర్6 మెమరీ ఉంటుంది. వేగం సెకనుకు 448 జీబీ. పీసీలో ర్యామ్ వేరు, గ్రాఫిక్స్ కార్డులోని మెమరీ వేరు. రెండు డీడీఆర్4-3200 ర్యామ్ స్టిక్కులు పెడితే గరిష్ఠంగా సెకనుకు 51.2 జీబీ వస్తుంది. గ్రాఫిక్స్ కార్డుకి సొంత వేగవంతమైన మెమరీ ఉంటుంది, కానీ డేటా అటూ ఇటూ కాపీ కావాలి.

ఇంకో తేడా షేడర్లది. కన్సోల్‌లో ఏ చిప్ ఉందో ఆట తయారుచేసేవాళ్లకి ముందే తెలుసు, అందుకని షేడర్లను కంపైల్ చేసే ఇస్తారు. పీసీలో ఎవరి కార్డు వాళ్లది, ఎవరి డ్రైవర్ వాళ్లది. కంపైల్ మన మెషీన్‌లోనే జరగాలి. కొత్త ఆటలు పీసీలో మొదట్లో అక్కడక్కడా కుదుపులతో నడవడానికి ఇదొక ముఖ్య కారణం.

3. మార్చుకునే హక్కు

పీసీ అనగానే "నచ్చినట్టు మార్చుకోవచ్చు" అంటాం. డెస్క్‌టాప్ వరకూ నిజమే. ఏఎండీ ఏఎమ్4 సాకెట్ బోర్డు 2017లో కొన్నవాళ్లలో చాలామంది, బయోస్ అప్‌డేట్ చేసుకుని 2022లో వచ్చిన ప్రాసెసర్‌ని అదే బోర్డులో పెట్టుకోగలిగారు. ఇంటెల్ మాత్రం 2020లో ఒక సాకెట్, 2021లో ఇంకో సాకెట్ తెచ్చింది. అంటే పీసీలోనూ ఏ బోర్డు కొన్నామన్నది ముఖ్యం.

గేమింగ్ ల్యాప్‌టాప్ సంగతి వేరు. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ సాధారణంగా మార్చుకోవచ్చు. గ్రాఫిక్స్ చిప్ బోర్డుకి అతికించి ఉంటుంది. పేరు చూసి మోసపోకూడదు కూడా. ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ చిప్‌కి పవర్ 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఉండొచ్చు. ఒకే పేరున్న రెండు ల్యాప్‌టాప్‌లు ఒకేలా ఆడవు.

కన్సోల్‌లో ఈ హక్కు ఎంతవరకో పీఎస్3 కథ చెబుతుంది. 2006లో వచ్చినప్పుడు దాంట్లో లైనక్స్ వేసుకునే సౌకర్యం ఉండేది. అమెరికా వైమానిక దళ పరిశోధనశాల 1,700కు పైగా పీఎస్3లను కలిపి ఒక సూపర్ కంప్యూటరే కట్టింది. 2010 ఏప్రిల్‌లో సోనీ భద్రతా కారణాలు చెప్పి ఒక అప్‌డేట్‌తో ఆ సౌకర్యం తీసేసింది. అప్‌డేట్ వద్దనుకుంటే ఆన్‌లైన్ ఆట వదులుకోవాలి. డబ్బు మనది, పెట్టె మన గదిలోనే ఉంది, తాళం మాత్రం వాళ్ల దగ్గరుంది. పీసీవైపు చూస్తే, 1999లో హాఫ్-లైఫ్ మీద ఇద్దరు కుర్రాళ్లు సరదాగా మొదలుపెట్టిన మాడ్ కౌంటర్-స్ట్రైక్ అయింది. తెరిచి చూడనిచ్చిన మెషీన్ మీదే అలాంటివి పుడతాయి.

4. మరి మనమేం కొనాలి?

మనం ఇంజనీరింగ్ విద్యార్థులం. కంప్యూటర్ ఎలాగూ కొనాలి. అందుకని కన్సోల్ ధరని పీసీ మొత్తం ధరతో పోల్చడం సరికాదు. చదువుకి ఎలాగూ కావాల్సిన మామూలు ల్యాప్‌టాప్ 45,000 అనుకోండి. దానికి కన్సోల్ 50,000, గదిలో టీవీ ఉండదు కాబట్టి మానిటర్ 10,000 కలిపితే 1,05,000. ఇప్పుడు ఎనభై, తొంభై వేల గేమింగ్ ల్యాప్‌టాప్ ఖరీదుగా కనిపించదు. దానిమీదే బ్లెండర్ నడుస్తుంది, మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టుకి కుడా పనికొస్తుంది.

ఇంట్లో టీవీ, తమ్ముడు, చెల్లి ఉండి, సెలవుల్లో మాత్రమే ఆడతారా? డిస్క్ మోడల్ కన్సోల్ కొని, ఆడేసిన డిస్కులు అమ్ముకోండి. నాలుగేళ్లూ ఒకేచోట ఉండి, ల్యాబ్‌కి మోసుకెళ్లే పని లేదా? డెస్క్‌టాప్ మంచిది. మొదట మంచి బోర్డు, నమ్మకమైన ఎస్‌ఎంపీఎస్ తీసుకుని, గ్రాఫిక్స్ కార్డు తర్వాత పెద్దది చేసుకోవచ్చు.

ఏది కొన్నా ముందు ఒక కాగితం మీద మూడు అంకెలు రాయండి. ఏడాదికి ఎన్ని ఆటలు కొంటాను, వాటిలో ఎన్ని అమ్ముతాను, ఆట కాకుండా ఆ మెషీన్‌తో వారానికి ఎన్ని గంటలు పని ఉంది? ఆ మూడూ నిజాయితీగా రాస్తే, ఏది కొనాలో మీ కాగితమే చెబుతుంది.