ఒంటి జీను - దూర ప్రయాణం

గుర్రపు ఆసనానికి తెలుగులో రెండు పేర్లున్నవి. సంస్కృతం నుండి వచ్చినది పల్యాణం. పారసీకం నుండి వచ్చినది జీను. ఉర్దూలోనూ అదే మాట. మొదటిది నిఘంటువులో నిలిచిపోయినది, రెండవది జనుల నోట బ్రతికినది. మోటారు సైకిలు వచ్చేసరికి రెండూ పోయి సీటు మిగిలినది. అయినను ఒక్కరికే చోటుండి, అడుగున స్ప్రింగులున్న సీటును చూచినప్పుడు నాకు జీను అన్న మాటే తోచును. 2009లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ ఆ పాత రూపును మళ్ళీ మన వీధులలోకి తెచ్చినది. మన విద్యార్థులలో పలువురు దానిపై మనసుపడుతున్నారు గనుక నా అనుభవం వారికి చెప్పదలచితిని.

మా అమ్మ హైదరాబాదులో చికిత్స పొందిన ఏడాది ప్రతి శనివారం ఇక్కడినుండి బండిపై వెళ్ళేవాడను. పోను దాదాపు 145 కిలోమీటర్లు. అందుకని దూదివలె మెత్తగా ఉన్న ఒంటి సీటు ఒకటి కొని బిగించుకొంటిని. దుకాణంలో దానిపై అయిదు నిమిషాలు కూర్చొని మురిసిపోయితిని. మొదటి ప్రయాణంలో జనగామ దాటకముందే తొడలు బరువెక్కినవి. భువనగిరి వద్ద తిమ్మిరి మొదలైనది. ఘట్‌కేసర్‌లో బండి ఆపి కాలు నేలపై మోపితే పాదం నాది కానట్లున్నది. బండి పక్కకు ఒరిగి, వెనుకనున్న లారీ సకాలంలో ఆగినందున బ్రతికి బయటపడితిని.

వరంగల్లు తిరిగి వచ్చి సీట్లు కుట్టే ఒక ఉస్తాదుకు చూపితిని. ఆయన బొటనవేలితో అదిమి, “సార్, మెత్తగుంటె కూసున్నప్పుడు మంచిగుంటది, పోయేటప్పుడు తెలుస్తది,” అన్నాడు. శరీర శాస్త్రం చెప్పేదీ అదే. కూర్చున్నప్పుడు దేహభారాన్ని మోయవలసినవి పిరుదుల అడుగునున్న రెండు ఎముకలు. మెత్తని స్పాంజి వాటి కింద పూర్తిగా నలిగిపోయి అడుగు రేకు తగులును. చుట్టూ ఉబికిన స్పాంజి తొడల కండను, నరాలను, రక్తనాళాలను నొక్కును. కనుక కొంత గట్టిదనం కావలెను. సీటు వెనుక భాగం ఆ రెండెముకలకు చాలినంత వెడల్పుగాను, ముందు భాగం కాళ్ళు నేలకు అందునట్లు సన్నగాను ఉండవలెను. ముందుకు వాలిన సీటైతే బ్రేకు వేసిన ప్రతిసారీ మనిషి ట్యాంకు మీదికి జారును; ఆ జారుడును ఆపుటలోనే మణికట్లు అలసిపోవును.

స్ప్రింగుల మోజు వేరు. అవి గుంతల దెబ్బను తగ్గించును, నిజమే. మరీ వదులైనచో తామే ఊయలలై నడుమును ఊపును. సెకనుకు 4 నుండి 8 సార్లు వచ్చే నిలువు కుదుపులకు కూర్చున్న మనిషి మొండెం ఎక్కువగా లోనగునని పరిశోధకులు చెప్పుదురు. స్ప్రింగు మనిషి బరువును బట్టి ఉండవలెను. స్నేహితునికి నప్పినది మనకు నప్పదు. వీలైతే వాని బండి అడిగి ఒక గంట నడిపి చూడవలెను. ఇక నల్ల రెగ్జిను సంగతి, మన మే నెల ఎండలో బండి నిలిపినవారికి చెప్పనక్కరలేదు. నూలుగుడ్డ తొడుగు చాలును.

ఎంత మంచి సీటైనను గంటకొకసారి దిగి నడవవలెను. నేనిప్పుడు ఆలేరులో చాయ్ కోసం తప్పక ఆగుదును.

అసలు చిక్కు మరొకటున్నది. మన ఊళ్ళలో మోటారు సైకిలు ఒక్కరి వాహనం కాదు. ఒంటి సీటు చూడగానే మా ఇంటావిడ, “మరి నేనెక్కడ కూర్చోవాలి?” అన్నది. నా వద్ద జవాబు లేకపోయినది. వెనుక కూర్చొనువారికి డ్రైవరు సీటు వెనుక గట్టిగా బిగించిన సరియైన సీటు ఉండవలెనని 1988 నాటి మోటారు వాహనాల చట్టం చెప్పుచున్నది; వారికి చేతిపట్టు, కాళ్ళు పెట్టుకొను కమ్మీలు ఉండవలెనని 1989 నాటి నిబంధనలు. ఎందరు కూర్చొనవచ్చునో నమోదు పత్రంలో రాసి ఉండును. ఆ లెక్క మారునట్లు సీటు మార్చదలచినవారు ముందుగా రవాణా కార్యాలయంలో విచారించుకొనుట మంచిది.

నేను ఉస్తాదు మాట విని ముందు సీటును గట్టి స్పాంజితో కుట్టించి, కంపెనీ వెనుక సీటును విడిగా దాచితిని. దానిని బిగించుటకు పది నిమిషాలు పట్టును. అమ్మ కోలుకొన్నది. ఆమె రైలులో కాజీపేటకు వచ్చు రోజున ఉదయమే పానా తీసి ఆ సీటు బిగించి, చేతిపట్టును రెండుసార్లు లాగి చూచి స్టేషనుకు బయలుదేరుదును.